మూడు నిమిషాల చప్పుడు

కారు గాల్లో ఉంది. రెండు ఇనుప స్తంభాల మధ్య మనిషెత్తున లేచి, నాలుగు చక్రాలూ వేలాడేసుకుని, ఎవరో చంకల కింద చేతులేసి ఎత్తిన కుక్కపిల్లలా పొట్ట చూపిస్తూ నిలబడింది. గంట పడుతుందన్నాడు మేస్త్రి. పాత బోల్టులు తుప్పుపట్టి మొండికేస్తే గంటంపావు. ఆమె గాజు తలుపుకి ఇవతల, బేరానికొచ్చినవాళ్లు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తన భుజాలు కిందకి దిగి ఉన్నాయని గమనించింది. ఎన్నాళ్లయిందో అవి అలా దిగి. ఆమె భర్త అక్కడే, కారు కింద, చేతులు కట్టుకుని తల వెనక్కి వాల్చి చూస్తున్నాడు. కారు కదలదు, కాబట్టి అతనూ కదలడు. అతను ఎక్కడున్నాడో, ఎంతసేపు అక్కడే ఉంటాడో కచ్చితంగా తెలిసిన గంట ఇది. ఇలాంటి గంట ఇంకొకటి దొరకదేమో అనుకుంది, ఎందుకంటే ఈ గంట అయ్యాక కారు కిందకి దిగుతుంది, దిగాక దానికి చప్పుడుండదు.

చప్పుడుండదు అంటే బొత్తిగా ఉండదని కాదు, కావాలంటే ఉంటుంది, వద్దంటే ఉండదు. వచ్చేటప్పుడు దారి పొడవునా అతను అదే వివరించాడు, ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ, ఇంకో చేత్తో ఆమె మోకాలి మీద బొమ్మ గీసి చూపిస్తూ. కొత్త సైలెన్సరు గొట్టంలో ఒక గుండ్రటి రేకు ఉంటుందట, తలుపులా. తెరిస్తే పొగ తిన్నగా బయటికి దూసుకుపోతుంది, పాత అరుపే, ఇంకా గట్టిగా. మూస్తే చుట్టు తిరిగి, మెత్తలు కుక్కిన డబ్బాలోంచి మెల్లగా పోతుంది, పిల్లి నడకే. మీట అతని తాళంచెవి గుత్తికి తగిలించి ఉంటుంది. తెరవడం, మూయడం, సగంలో ఆపడం, అంతా బొటనవేలి పని. "నువ్వడిగావనే చేయిస్తున్నా, నీ కోసమే," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అడిగింది నిజమే. ఆ మాట నోరు జారిన రోజు నుంచీ మింగలేక కక్కలేక ఉంది.

ఆ పాత చప్పుడు ఎక్కడ మొదలవుతుందో ఆమెకి తెలుసు. పెట్రోలు బంకు మలుపులో. ముందు ఛాతీలో తగిలే గుర్రు, తర్వాత టర్బో సన్నటి ఈల, కాలు తీయగానే ఫుస్సుమని గాలి వదలడం, దాని వెనకే గొట్టంలోంచి టపటపా పేలుళ్లు. అక్కడి నుంచి రెండు స్పీడు బ్రేకర్లు, గేటు, సెల్లారులో మలుపు, లిఫ్టు, మూడో అంతస్తు. మొత్తం మూడు నిమిషాలు. లిఫ్టు పైన ఆగి ఉంటే నాలుగు. నాలుగేళ్లుగా ఆమె ఆ చప్పుణ్ణి ఉత్తరం చదివినట్టు చదువుతోంది. మలుపులో మూడో గేరు పడితే ఆ రోజు అన్నం తిని టీవీ చూస్తాడు. రెండో గేరులోనే లాగి లాగి అరిపిస్తే ఆఫీసులో ఎవరో ఏదో అన్నారు, పిల్లని లోపల పడుకోబెట్టాలి. బ్రేకర్ దగ్గర ఆపకుండా ఎగిరిస్తే గాజు గ్లాసులు బల్ల మీద ఉండకూడదు. అన్నిటికన్నా భయం అతను నెమ్మదిగా, ఒక్క పేలుడైనా లేకుండా, ఒద్దికగా వచ్చిన రోజు. అలా వచ్చాడంటే దారంతా ఆలోచించుకుంటూ వచ్చాడని, చివరిదాకా ఆలోచించేశాడని అర్థం. ఆ రోజైనా ఆ గుర్రు మాత్రం వినిపించేది. ఆ మూడు నిమిషాల్లో ఫోను పెట్టేసేది, అక్కతో మాట్లాడిన నంబరు తుడిచేసేది, నేల మీది రంగు పెన్సిళ్లు ఏరేది, స్టవ్ మీద కూర మళ్లీ వేడి చేసేది, మొహం కడుక్కునేది, మరీ కడుక్కున్నట్టు కనపడకుండా తుడుచుకునేది. చివరి అర నిమిషంలో ఏమీ చేయకుండా వంటగదిలో నిలబడి ఊపిరి సర్దుకునేది. తలుపు తెరుచుకునేసరికి ఇల్లు ఇల్లులా ఉండేది, మనిషి మనిషిలా ఉండేది.

చెవులు నాన్నవి. నాన్నకి పిండిమర ఉండేది. ఇంటి అరుగు మీద కూర్చుని నలుగురితో మాట్లాడుతూనే, మాట మధ్యలో చటుక్కున లేచి వెళ్లేవాడు, లోపల మరలో గింజ అయిపోవచ్చిందని. "ఎలా తెలిసిందయ్యా నీకు?" అని అడిగితే "అది ఆకలేసి గొంతు మార్చింది" అనేవాడు. గింజ లేకుండా రాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటే అరిగిపోతాయి, అందుకే ముందే వినాలి. ఆమె పదేళ్లప్పటికే వినేది. నాన్న మురిసిపోయాడు. ఈ చెవులు ఇలాంటి పనికొస్తాయని ఆయనకి తెలిస్తే ఏమనేవాడో. ఏమీ అనేవాడు కాదు, ఆయన గట్టిగా మాట్లాడ్డమే ఎరగడు, మర హోరులో బతికిన మనిషి ఇంట్లో గుసగుసగా మాట్లాడేవాడు.

గాజు అవతల నీలం మంట వెలిగింది. మేస్త్రి నల్లద్దాలు కిందకి లాక్కుని ఒక బోల్టుని ఎర్రగా కాలుస్తున్నాడు. అరవై దాటుతాయి, బుగ్గ మీద పాత కాలిన మచ్చ, చొక్కా జేబులో మూడు స్పానర్లు. పాత గొట్టం ఊడి నేల మీద పడింది. పడిన చప్పుడికి ఆమె కుర్చీలోంచి సగం లేచింది, లేచి, ఎవరూ చూడలేదు కదా అని మళ్లీ కూర్చుంది. కౌంటర్ దగ్గర అమ్మాయి చూసింది. "భయపడ్డారా అక్కా? ఇక్కడ రోజంతా ఇంతే, నాకైతే ఇంటికెళ్లాక నిశ్శబ్దంగా ఉంటే నిద్ర పట్టదు," అని నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నాలుగేళ్లు తనకి కబురు మోసిన గొట్టం అది. మసిపట్టి, మధ్యలో చిన్న సొట్టతో, గోడ పక్కన చచ్చిన పాములా పడి ఉంది. పడేస్తారా, ఎవరికైనా అమ్ముతారా. ఎవరైనా కొనుక్కుంటే, ఇంకో వీధిలో ఇంకో ఇంట్లో ఎవరో ఆ చప్పుడు విని చిరాకుపడతారు, కిటికీ మూసుకుంటారు.

చప్పుడు తగ్గించమని అడగడానికి కింది ఫ్లోరు బాలింతే ముందు వచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డని భుజాన వేసుకుని, కళ్ల కింద నల్లగా, చేతిలో ఒక కాగితం. అపార్టుమెంట్లో అందరూ సంతకాలు పెట్టారు, మీ కారు చప్పుడుకి బిడ్డ ఉలిక్కిపడి లేస్తోంది, మీరే కాస్త చెప్పండి వదినా, అంది. ఆ బిడ్డ మెడ ఆమె చిటికెన వేలంత ఉంది. వద్దు, ఆ చప్పుడు ఉండనివ్వండి, అది లేకపోతే నాకు తెలియదు అని ఎలా చెప్తుంది? ఎవరికి చెప్పింది గనక? ఆ కాగితం అతని చేతికి అందితే కిందకి దిగి బాలింత తలుపు బాదుతాడు, బాదాక పైకొస్తాడు. అందుకని కాగితం మడిచి బియ్యం డబ్బాలో దాచి, ఆ రాత్రి అతను బాగున్న సమయం చూసి, తానే అన్నట్టుగా అంది: "కాస్త చప్పుడు తగ్గిస్తే బాగుంటుందేమోనండీ, నాకు తలనొప్పిగా ఉంటోంది." అతను ఆమెని చాలాసేపు చూశాడు. తర్వాత ఫోను తీసి వెతకడం మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి ఈ గొట్టం సంగతి తేల్చాడు. "చూశావా, నువ్వు నోరు తెరిచి ఏదడిగినా నేను కాదన్నానా?" అన్నాడు. కాదనలేదు. అదే అతనితో చిక్కు, అడిగినవి ఇస్తాడు.

తలుపు తోసుకుని మేస్త్రి వచ్చాడు, వెనకే అతనూ. మేస్త్రి కుండలోంచి నీళ్లు ముంచుకుని గటగటా తాగాడు. అతను మీటని ఆమె మొహం ముందు ఊపాడు, రెండు బటన్లు, చిన్న ఎర్ర దీపం.

"అన్నా, ఇలాంటి మీట ఒకటి ఇంట్లో ఆవిడకి కూడా బిగించిపెడతావా? నొక్కగానే నోరు మూతపడాలి."

కౌంటర్ అమ్మాయి కిసుక్కున నవ్వింది. మేస్త్రి గ్లాసు కడిగి బోర్లించాడు. "ఇంట్లోవాళ్ల మీట మన చేతికెక్కడ దొరుకుతుంది బాబూ? నా పెళ్లై నలభయ్యేళ్లు, ఇప్పటికీ వెతుకుతున్నా."

అందరూ నవ్వారు, అతను అందరికన్నా గట్టిగా. సరదా మనిషి. ఎక్కడికెళ్లినా అంతే, నిమిషంలో కలిసిపోతాడు, పేర్లు గుర్తుపెట్టుకుంటాడు, వాచ్‌మన్ కూతురి పరీక్షల సంగతి అడుగుతాడు. అతని ఫోను మోగితే బయటికెళ్లాడు. మేస్త్రి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఆమె ముందు ఆగాడు.

"చప్పుడంటే పడదా అమ్మా మీకు?"

"పడదనే చెప్పాను."

ఆయన తుడుచుకోవడం ఆపి ఆమె వైపు చూశాడు. ఆమె అడిగింది: "మూసేస్తే అసలు వినపడదా? కొంచెమైనా? వీధి మలుపు నుంచి?"

"వీధి మలుపు దాకా ఎందుకమ్మా, పక్క నుంచి పోయినా తలతిప్పి చూడరు. నా చేతి పని అది." గర్వంగానే అన్నాడు, అని మళ్లీ కారు కిందకి వెళ్లిపోయాడు.

బాల్కనీలోంచి చూస్తూ ఉండొచ్చు. ఎన్ని గంటలని? అతను ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. ఫోను చేసి బయల్దేరారా అని అడగొచ్చు. ఎందుకు, నేనొచ్చేలోపు ఏం పని ఉంది నీకు, అంటాడు. ఆ ప్రశ్న ఒకసారి పుట్టిందంటే దానికి జవాబు దొరికేదాకా ఊరుకోడు. లిఫ్టు చప్పుడు వినొచ్చు, అది ఇరవై సెకన్లు. ఇరవై సెకన్లలో ఏమవుతుంది? పెన్సిళ్లు కూడా ఏరలేదు. పెన్సిళ్లు అనుకోగానే గువ్వ గుర్తొచ్చింది. కూతురికి ఆ పేరు తనే పెట్టింది, తల ఒకపక్కకి వంచి వినడం చూసి. ఆరున్నరేళ్లు. పోయిన నెల స్కూల్లో టీచరు ఆపి నవ్వుతూ చెప్పింది: బండ్ల చప్పుళ్లు చెయ్యమంటే పిల్లలంతా బస్సూ రైలూ చేశారట, మీ పాప మటుకు అచ్చం కారు వచ్చినట్టే చేసిందండీ, ఈల, ఫుస్సు, పేలుళ్లు, గేర్లతో సహా, చేసి వెంటనే పుస్తకాలు సంచిలో సర్దేసుకుని బల్ల కింద దూరి కళ్లు మూసుకుంది, ఎంత నటనో! ఆమె కూడా నవ్వింది, మా అమ్మాయికి అల్లరెక్కువండీ అంది. ఇంటికొచ్చే దారిలో గువ్వ చెయ్యి పట్టుకుని ఏమీ అడగలేకపోయింది. గువ్వే చెప్పింది, "నేను మూడో గేరు చేద్దామనే అనుకున్నానమ్మా, రెండోది వచ్చేసింది."

అక్క అయితే ఎప్పుడో వచ్చెయ్యమంది. అక్కకి బట్టలు కుట్టే కొట్టుంది, రెండు గంటల బస్సు దూరంలో, కొట్టు వెనక ఒక గది ఉంది. వెళ్లలేదు. "నాకు ముందే తెలిసిపోతుందక్కా, సర్దుకుంటాను" అంది. ఫోన్లో అక్క మిషను తొక్కుతున్న చప్పుడు వినిపించింది. "వానొస్తుందని తెలిస్తే ఆరేసిన బట్టలు తీస్తారే ఎవరైనా. ఇల్లు మీద పడుతుందని తెలిసి కూడా గిన్నెలు సర్దుకుంటావేమే?" అంది. ఆమెకి కోపమొచ్చింది అప్పుడు. అక్కకి ఏం తెలుసు, తను ఎంత నేర్పుగా నెట్టుకొస్తోందో, పది రోజుల్లో తొమ్మిది రోజులు ఏమీ జరగకుండా ఎలా ఆపుతోందో. ఎడమ మణికట్టు చలికాలం నొప్పెడుతుంది, నిజమే, అది పదో రోజుది. ఆ రోజు మిక్సీ తిరుగుతోంది, మలుపు చప్పుడు వినపడలేదు. అప్పటి నుంచీ పచ్చడి రోట్లోనే నూరుతోంది.

ఇనుప చేతులు కిందకి దిగడం మొదలైంది. సన్నగా మూలుగుతూ, నింపాదిగా. చక్రాలు నేలకి ఆనాయి, కారు ఒళ్లు విరుచుకున్నట్టు కొద్దిగా కుంగి లేచింది. ఆమె భుజాలు వాటంతటవే పైకి వెళ్లాయి. షెడ్డు బయట పొడుగాటి ఆవరణ, చివర ఒక సున్నపు గోడ. అతను ఉత్సాహంగా చప్పట్లు కొట్టాడు. "రా, నువ్వే జడ్జివి. అడిగింది నువ్వు కదా." చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి గోడ ముందు నిలబెట్టాడు. "గోడ వైపు తిరుగు. వెనక్కి చూడకూడదు. వినిపించగానే చెయ్యెత్తు. దొంగాట వద్దు." కౌంటర్ అమ్మాయి ఫోను పట్టుకుని వీడియో తీయడానికి బయటికొచ్చింది.

"బాబూ, మనిషి వెనక నుంచి వద్దు," అన్నాడు మేస్త్రి. "పక్కన నిలబెట్టండి."

"నా కాలు బ్రేకు మీదే ఉంటుందన్నా. నా భార్యని నేను గుద్దుతానా?"

మొదటిసారి రేకు తెరిచి వచ్చాడు. ఆవరణ చివర్నుంచి గుర్రు లేచింది, ఈల, ఫుస్సు, పేలుళ్లు. చెయ్యి ఆమె ఎత్తలేదు, అదే లేచింది, లేచి పక్కన లేని ఫోను కోసం, ఏరాల్సిన పెన్సిళ్ల కోసం గాల్లో తడుముకుంది. వెనక నవ్వులు. కారు మళ్లీ వెనక్కి వెళ్లిపోయింది. తర్వాత ఏమీ లేదు. గోడ మీద సున్నం పెచ్చులు లేచి ఉంది, ఒక పెచ్చు మీద చీమ. షెడ్డులో ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడో కొళాయి కారుతోంది. ఆమె చెవులు సాగదీసింది, నాన్న చెవులు, మర గొంతు మార్చడం పట్టుకున్న చెవులు, ఇంకా దూరం, ఇంకా లోపలికి, తన గుండె కొట్టుకోవడం అడ్డమొస్తే దాన్ని పక్కకి తోసి విన్నది. బయల్దేరాడా? బయల్దేరలేదా? ఇంకా చీమ. ఫ్యాను. కొళాయి. పిక్కల మీద వెచ్చగా తగిలింది. ఎండ అనుకుంది. మోకాళ్ల వెనక ఏదో మెత్తగా ఆనింది, ఆని, ఆమె మోకాళ్లు మడతపడేంత మేర ముందుకి నెట్టి ఆగింది.

రెండు చేతులూ గోడకి ఆనించి పడకుండా నిలబడింది. అతను కారు తలుపు తెరిచి పగలబడి నవ్వుతున్నాడు. "చచ్చినా వినపడదు! చూశావా అన్నా, చెయ్యే ఎత్తలేదు!" కౌంటర్ అమ్మాయి ఫోను దించేసింది. మేస్త్రి నవ్వలేదు. తన చేతుల్లోని మసి గుడ్డని చూసుకుంటున్నాడు.

అరచేతులకి అంటిన సున్నం చూసుకుంటూ ఆమెకి అనిపించింది, ఏడవాలని కాదు, ఏదో లెక్క తప్పు చేసి ఇన్నాళ్లూ అదే కూడికని మళ్లీ మళ్లీ కూడినట్టు. ఆ మూడు నిమిషాలు తనని కాపాడుతున్నాయనుకుంది. అవి తనని ఆ ఇంట్లో ఉంచాయి, అంతే. రోజూ మూడు నిమిషాలు ముందుగా తెలుస్తుంది కదా అని నాలుగేళ్లు ఉండిపోయింది. బిడ్డకి కూడా అదే నేర్పింది, గేర్లతో సహా.

"ఎక్కు, ఒక చుట్టు తిరిగొద్దాం."

"గువ్వని తీసుకొస్తాను. స్కూలు దగ్గరే కదా, నడిచి వెళ్తాను."

"ఇంకా గంట టైముంది దానికి."

"తలనొప్పిగా ఉంది. గాలి తగిలితే తగ్గుతుంది."

మేస్త్రీ, ఆ అమ్మాయీ చూస్తున్నారు. అతను నవ్వు చెదరకుండా ఆమెని పైనుంచి కిందకి చూశాడు. "సరే, నడువు. ఇంట్లో మాట్లాడుకుందాం."

ఆవరణ దాటింది. వీధిలోకి వచ్చింది. వెనక కారు ఉందో లేదో తెలియదు. ప్రతి అడుగుకీ మోకాళ్ల వెనక ఆ మెత్తటి నెట్టుడు మళ్లీ తగులుతున్నట్టే ఉంది. ఒక కారు పక్క నుంచి పోయింది, అతనిది కాదు. ఇంకొకటి పోయింది, దాని వైపు చూడలేదు. పరిగెత్తాలనిపించింది, పరిగెత్తితే ఎవరైనా ఆపి ఏమైందని అడుగుతారు, అడిగితే చెప్పడానికి మాటలు కూడబెట్టుకోవాలి. చేతిసంచిలో ఇంటి తాళం, బస్సుకి సరిపడా డబ్బులు, నీళ్ల సీసా, గువ్వ జుట్టు రబ్బరు ఉన్నాయి. ఇంకేవీ ఇంటి నుంచి తెచ్చుకోలేదు, తెచ్చుకోవడానికి వెళ్తే మళ్లీ సర్దడమే. నడిచింది.

స్కూలు గేటు లోపల బల్ల మీద పెద్ద రిజిస్టరు. గేటు చూసే ఆవిడ కళ్లద్దాలు ముక్కు మీదకి లాక్కుని, "ముందే తీసుకెళ్తున్నారా? రాసివ్వండమ్మా," అంటూ పెన్ను అందించింది, లోపలికి కేకేసి గువ్వని పిలిపించింది. పాప పేరు, తరగతి, తీసుకెళ్లేవారు. తల్లి అని రాసింది. ఎక్కడికి. పెద్దమ్మ ఇంటికి అని రాసింది. మణికట్టు నొప్పెడుతుంటే కుడిచేత్తో ఎడమ చేతిని బల్ల మీద సర్దుకుంది. చివరి గడి, తిరిగి వచ్చే తేదీ. పెన్ను అక్కడ ఆగింది.

"అది ఖాళీగా వదలకూడదమ్మా, పెద్ద మాస్టారు నా మీద పడతారు."

"ఏం రాయాలో తెలియడం లేదు."

"ఏదో ఒకటి రాయండి, రేపో, ఎల్లుండో."

ఆమె తెలియదు అని రాసింది. రాసి, ఆరేదాకా దాని వైపు చూసింది. మెట్ల మీద గువ్వ సంచి ఊపుకుంటూ, ఒక జడ ఊడి, రెండేసి మెట్లు దిగుతోంది.

"వెనక గేటు తెరుస్తారా?" అంది ఆమె. "బస్సులు ఆగే వైపు."

ఆవిడ కళ్లద్దాల మీదుగా ఆమె మొహం చూసింది, గోడ సున్నం అంటిన చేతులు చూసింది, మేకుకి వేలాడుతున్న తాళాల గుత్తి తీసుకుని ముందు నడిచింది. గువ్వ వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని, తల ఒకపక్కకి వంచబోయింది. ఆమె ఆ చిన్న తలని అరచేత్తో తన నడుముకి అదుముకుంది. ముందు గేటు అవతల రోడ్డు నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో అతను ఉన్నాడో లేడో చూడటానికి ఆగకుండా, బిడ్డ అడుగులకి తగ్గట్టు కాకుండా తన అడుగులకి తగ్గట్టు, ఇసుక ఆటస్థలం మధ్యలోంచి వెనక గేటు వైపు నడిచింది.